చలి ఉంటేనే ఎండ

మొదటి రోజు, డిసెంబరు 11

ముప్పై రెండేళ్లు కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పాను. కాఫీ పండు అడ్డుకోతను నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు. రెండు పూటలా కాఫీ తాగకుండా గడిపిన రోజంటూ నా జీవితంలో లేదు. అయినా ఆ పండు కొమ్మ మీద ఎర్రబడి ఉండగా ఒక్కసారీ చూడలేదు. చింతపల్లి అవతలి కొండల్లో మూడెకరాల కాఫీ తోట, పల్లంలో కొద్దిపాటి వరి చేను, వాలులో కాస్త మెట్ట ఉన్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఏటా రమ్మని పిలుస్తూనే ఉన్నాడు. పదవీ విరమణ తర్వాత వచ్చిన ఈ మొదటి చలికాలంలో ఆ పిలుపును అందుకున్నాను.

రాజమహేంద్రవరంలో చీకటితోనే రైలెక్కి, తునిలో దిగి, నర్సీపట్నం వెళ్లే బస్సు పట్టుకున్నాను. నర్సీపట్నంలో మధ్యాహ్నపు ఎండ చురుక్కుమంటుంటే స్వెట్టరు సంచిలోనే ఉంచి చింతపల్లి బస్సెక్కాను. ఘాట్ రోడ్డు మొదలై నాలుగైదు మలుపులు తిరిగేసరికి కిటికీ అద్దం మూయక తప్పలేదు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. దానికి కొర్రబయలు అని మరో పేరుంది. చలికాలపు రాత్రి ఆరుబయట ఉన్నవాడు కర్రలా బిగుసుకుపోతాడు కనుక ఆ పేరు వచ్చిందని ఇక్కడివారు చెబుతారు. రోడ్డు పక్కన గుడారాలు, స్ట్రాబెరీలు అమ్మే బల్లలు, పొగమంచు కోసం దూరాల నుంచి వచ్చిన యువకుల మోటారు సైకిళ్లు కనిపించాయి. వారు విడిచి వెళ్లిన ప్లాస్టిక్ గ్లాసులు కూడా గడ్డి నిండా పడి ఉన్నాయి. అవి చూసి మనసు నొచ్చుకుంది.

చింతపల్లిలో మా వాడు జీపుతో ఎదురు చూస్తున్నాడు. ఊరు చేరేటప్పటికి పొద్దు కొండ వెనక్కి జారిపోయింది. మార్గశిరాన మాటలాడ పొద్దుండదని మా అమ్మ అంటూ ఉండేది. గోదావరి ఒడ్డున ఆ మాట విన్నాను గాని, అది నిజమయ్యేది ఇటువంటి చోటనే. నాలుగు వైపులా కొండలున్న ఊరికి ఉదయం ఎండ ఆలస్యంగా వస్తుంది, సాయంత్రం తొందరగా పోతుంది.

వాకిట్లో నెగడు మండుతోంది. వాళ్ల మామ్మ పీట చూపించి, "ఏటి తల్లీ, ఒనికిపోతన్నావు, మంట కాడికి రా" అంది. నేనెవరో అప్పటికింకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఉడికించిన కందికాయలు అడ్డాకు దొన్నెలో పెట్టి ఇచ్చారు. మంట వెలుగులో దడి మీద పాకిన చిక్కుడు పాదు కనిపించింది. కాయలు గుత్తులు గుత్తులుగా నిండి, కొన్ని ముదిరిపోతున్నాయి కూడా. ఎందుకు కోయలేదని అడిగాను. "ఇంకా కొత్త అవలేదమ్మా" అంది మా వాడి తల్లి, అంతకు మించి చెప్పనవసరం లేదన్నట్టుగా.

రెండో రోజు, డిసెంబరు 12

తెల్లవారుజామున ఐదున్నరకు అరుగు మీద వేలాడదీసిన ఉష్ణమాపకం 6 డిగ్రీలు చూపించింది. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం రోజూ నమోదు చేసే కనిష్ఠ ఉష్ణోగ్రతను రాజమహేంద్రవరంలో కూర్చుని పత్రికలో చదవడం నాకు అలవాటే. ఆ అంకె ముక్కు కొనకూ, చెవి తమ్మెలకూ తగిలినప్పుడు వేరే సంగతి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలు మీదుగా నీళ్లలాగే కిందికి జారి లోయ అడుగున నిలుస్తుంది. ఊరంతా ఆ చల్లని మడుగు అడుగున ఉంది.

మన భాషలో ఆకు మీది చుక్కా మంచే, కళ్లకు అడ్డుపడే తెల్లని తెరా మంచే, హిమాలయం మీద పేరుకునేదీ మంచే. పాఠం చెప్పేటప్పుడు ఈ ఒక్క మాటతో చాలా ఇబ్బంది పడేదాన్ని. ఈ ఉదయం ఆ ఇబ్బంది కలగలేదు. తెర నుంచి చుక్క దిగడం, చుక్క నుంచి తెర లేవడం కళ్ల ముందే జరుగుతుంటే రెండింటికీ ఒకే పేరు పెట్టినవారు బాగా చూసే పెట్టారనిపించింది.

తొమ్మిది గంటలకు వెదురు బుట్టలు నడుముకు కట్టుకుని తోటలోకి వెళ్లాం. నిటారుగా ఎదిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని పైకి పాకిన మిరియం పాదులు, వాటి నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడితే తెల్లని పువ్వు విచ్చుకుంటుంది. ఆ పువ్వు పండై ఎర్రబడడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, పండు కలిసి ఉంటాయి కనుక కొమ్మను దూసేయడం కుదరదు. ఎర్రనిది మాత్రమే ఏరి కోయాలి. మిగిలిన వాటి కోసం పది, పదిహేను రోజులకు మళ్లీ అదే చెట్టు దగ్గరకు రావాలి. "లాగకండి మేడమ్, కొంచెం తిప్పండి, అదే వచ్చేస్తుంది" అన్నాడు మా వాడు. లాగితే తొడిమతో పాటు కణుపు దెబ్బతింటుంది, వచ్చే ఏడు అక్కడ పువ్వు రాదు.

మొదటి పండును వేళ్ల మధ్య నొక్కాను. తోలు చిట్లి, జారుడు పూత పూసుకున్న రెండు గింజలు అరచేతిలోకి దూకాయి. వాటి చదునైన ముఖాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఒక్కో ముఖం మధ్యలో సన్నని గాడి ఉంది. గింజను నాలుక మీద పెట్టుకుంటే తియ్యగా ఉంది. అందులో కాఫీ రుచి గాని వాసన గాని ఏ మాత్రం లేదు. ఇంకో పండులో రెండు గింజలకు బదులు ఒకటే గుండ్రంగా ఉంది. నల్లబల్ల మీద నేను గీసిన బొమ్మ తప్పు కాదు. కాని ఆ బొమ్మలో ఈ తడి లేదు, ఈ తీపి లేదు, చలికి మొద్దుబారిన వేలికొనలకు పండు ఎంత చల్లగా తగులుతుందో లేదు.

మధ్యాహ్నానికి నా బుట్టలో నాలుగు కిలోలు తూగాయి. నా పక్క వరుసలో కోస్తున్న మా వాడి తల్లి అప్పటికి రెండుసార్లు బుట్ట గోనెలోకి వంపేసింది. ఆరు కిలోల పండ్లు కోస్తే ఇంచుమించు ఒక కిలో శుభ్రమైన గింజ మిగులుతుంది. నా పూట శ్రమంతా కలిపి ఒక కిలో గింజకైనా చాలదు. ఇన్నాళ్లుగా నా గ్లాసులోకి వచ్చిన కాఫీ వెనుక ఇటువంటి చేతులు ఎన్ని ఉండి ఉంటాయో అని ఆలోచిస్తూ వరుస చివర చాలాసేపు కూర్చుండిపోయాను.

తోట పై భాగంలో చెట్లు తక్కిన వాటికంటే సన్నగా ఉన్నాయి. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను ఏజెన్సీలోని సిల్వర్ ఓక్ చెట్లను పెద్ద ఎత్తున కూల్చివేసింది. నీడ పోవడంతో కింది కాఫీ మొక్కలు ఎండకు మాడిపోయాయి. ఇవి ఆ తర్వాత మా వాడి తండ్రి నాటిన మొక్కలు. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పట్నాల్లో మేమంతా సంతోషించాం. ఆ సంతోషం వెనుక, కూలిన చెట్టు స్థానంలో మళ్లీ మొక్క నాటి, అది నీడ ఇచ్చేదాకా ఏళ్లకు ఏళ్లు కాచుకున్న మనుషులున్నారని ఈ సన్నని చెట్ల కింద నిలబడితే గాని నాకు తట్టలేదు.

సాయంత్రం చేతితో తిప్పే పల్పర్ యంత్రంలో పండ్లు పోశారు. ఎర్రని తోలు ఒక పక్కకు, జిగురు గింజలు మరో పక్కకు పడ్డాయి. ఆ గింజలు తొట్టెలో పులియాలి. వెచ్చని చోట ఒక రాత్రిలో విడిపోయే జిగురుకు ఇక్కడి చలిలో ఇంకా ఎక్కువ సమయం పడుతుందట. మామ్మ తొట్టెలో చెయ్యి ముంచి, నాలుగు గింజలు అరచేతుల మధ్య రుద్ది చూసి, "రేపు కాదు, ఎల్లుండి" అని తేల్చి చెప్పింది.

మూడో రోజు, డిసెంబరు 13

ఈ రోజంతా వలిసె అనే నూనెగింజల పంట చేనులోనే గడిచింది. నవంబరులో కొండవాలులన్నీ పసుపు పరిచినట్టు ఉంటాయట. ఇప్పటికే చాలా చేలు కోతకు వచ్చి గోధుమ రంగు తిరిగాయి. ఆలస్యంగా విత్తిన ఒక మడి మాత్రం నిండుగా పూసి ఉంది. పొద్దుతిరుగుడుకు చెల్లెలి వంటి పువ్వు, చుట్టూ సాధారణంగా ఎనిమిది రేకులుంటాయి. ఏడున్నరకు వెళ్లేసరికి ప్రతి రేకు అంచునా ఒక చుక్క నిలిచి ఉంది. ఒక పువ్వు నడుమ తేనెటీగ ఒకటి కదలకుండా పడి ఉంది. రెక్కలు తడిసి వీపుకు అంటుకుపోయాయి. చచ్చిపోయిందనుకుని చూపు తిప్పుకోబోయాను.

అంతలో ఎండ కొండ అంచు దాటి చేను పై గట్టుకు తగిలింది. నేను ఆ పువ్వు దగ్గరే మోకాళ్ల మీద కూర్చున్నాను. వెలుగు గీత వరుస వరుసగా కిందికి జరుగుతూ మా దగ్గరకు రావడానికి పావుగంట పట్టింది. ఎండ పడిన కాసేపటికి తేనెటీగ వెనక కాలు ఒకటి కదిలింది. తర్వాత ముందు కాళ్లతో మీసాలు తుడుచుకుంది. రెక్కలు విప్పకుండానే ఒళ్లంతా సన్నగా వణికించింది. తేనెటీగ అలా కండరాలను వణికించి ఒంట్లో వేడి పుట్టించుకుంటుందని పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పాను. ఇప్పుడది ఎదురుగా చూస్తుంటే ఊపిరి బిగబట్టాను. కాసేపటికి అది లేచి పక్క పువ్వు మీద వాలింది. దాని వెంట చేనంతా ఝుమ్మని మేల్కొంది.

వలిసె పువ్వు తన పుప్పొడితో తాను గింజ కట్టదు. వేరే మొక్క పుప్పొడి రావాలి, దాన్ని తేనెటీగ తేవాలి. అందుచేత ఈ ఇంటి కూరలో పడే ఒలిసెల నూనె, ఎడ్లకు పెట్టే తెలకపిండి, గోడ వారగా ఉంచిన రెండు పెట్టెల్లోని తేనె, ఇవన్నీ ఆ పూట ఎండ ఎప్పుడు వచ్చిందన్న దాని మీద ఆధారపడి ఉన్నాయి. మా వాడి తండ్రి గట్టు మీద నిలబడి, కొండ అంచుకు చెయ్యెత్తి మొక్కి పనిలోకి దిగాడు. నేనున్న రోజులన్నీ ఆయన ఆ పని మానలేదు.

నాలుగో రోజు, డిసెంబరు 14

ఈ రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి రగ్గు కాళ్ల దగ్గరకు తన్నేసి ఉన్నాను. ఉష్ణమాపకం 13 చూపిస్తోంది. చలి తగ్గిందన్న సంతోషంతో బయటకు వచ్చి, మా వాడి తల్లితో "ఈ రోజు హాయిగా ఉంది అక్కా" అన్నాను. ఆమె నవ్వలేదు. ఆకాశం వైపు చూస్తోంది. చుక్క ఒక్కటీ లేదు.

"సలి తగ్గిందని సంతోసించకండమ్మా. సలుంటేనే ఎండుంటాది. సలి లేదంటే మబ్బు కమ్మిందనే" అంది.

వృక్షశాస్త్రంతో పాటు వాతావరణం గురించీ నాలుగు పాఠాలు చెప్పినదాన్ని. మబ్బు దుప్పటిలా కప్పుకుంటే నేల వేడి పైకి పోదని, అందుకే మబ్బు రాత్రి వెచ్చగా ఉంటుందని నాకు తెలుసు. ఆ వెచ్చదనం రైతుకు ఏమి తెచ్చిపెడుతుందో ఆలోచించలేదు. డిసెంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే ఈ కొండల మీద వాన పడుతుంది. పండిన కాఫీ కాయ వానకు చిట్లి రాలిపోతుంది. కళ్లంలో ఎండుతున్న గింజ మళ్లీ తడిస్తే బూజు పడుతుంది, వాసన చెడుతుంది. మొక్కలు వేళ కాని వేళ మొగ్గ తొడిగితే వచ్చే ఏటి కాపూ దెబ్బతింటుంది. కోసి పనలుగా పరచిన వరి సంగతి సరేసరి.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఎక్కువ మాటలాడలేదు. తండ్రీ కొడుకులు ఎడ్లబండి కట్టుకుని పల్లంలోకి వెళ్లి, వరి పనలు మోసుకొచ్చి మెరక మీద కుప్ప వేయడం మొదలుపెట్టారు. కళ్లంలో మూడు టార్పాలిన్ల మీద కాఫీ పరిచి ఉంది. తోలుతో ఎండేది ఒకటి, జిగురు కడిగినది రెండు. అంచులు పట్టుకుని మధ్యకు చేరవేసి, కుప్ప చేసి, మీద మరో పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టాం. తొట్టెలో పులుస్తున్న గింజ ఆ రోజే కడగాలి, కాని కడిగితే ఎక్కడ ఆరబెట్టాలి? అరుగు మీద వెదురు తడికలు పరిచి, పడుకునే గదిలో సగం కూడా ఖాళీ చేశారు. నేను, అక్క, పక్కింటి ఇద్దరు ఆడపిల్లలు కలిసి వాగు నీళ్లు మోసుకొచ్చి కడిగాం. జిగురు వదిలిన గింజ చేతిలో గరగర మంటుంది, ఆ చప్పుడే గుర్తు. నాలుగు నీళ్లు పోసేసరికి వేళ్లు చచ్చుబడి ఆ గరగర వినడమే గాని చేతికి తెలియడం మానేసింది. అక్క నా రెండు చేతులూ తీసుకుని తన చంకలో పెట్టుకుని కొంతసేపు అలాగే ఉంచుకుంది. నా తల్లి పోయాక నా చేతులను ఎవరూ అలా పట్టుకోలేదు.

మధ్యాహ్నం మూడింటికి చినుకులు మొదలయ్యాయి. పట్టా మీద టపటపమనే ఆ చప్పుడు వింటూ అరుగు మీద ఆరుగురం కూర్చున్నాం. 2014 తుఫాను సంగతి ఎవరూ ఎత్తలేదు, అయినా అందరి మనసులోనూ అదే ఉందని తెలుస్తూనే ఉంది. మామ్మ మాత్రం వలిసెలు చెరుగుతూ, "పడనీ, ఎంతసేపు పడతాదో సూద్దాం" అంది. వాన గంట సేపు పడి ఆగింది. రాత్రి తొమ్మిదికి తూర్పున ఒక చుక్క కనిపించింది, తర్వాత మరో రెండు. పదకొండింటికి నాకు చలికి మెలకువ వచ్చింది. రగ్గు కప్పుకుంటూ ఉంటే పక్క గదిలో అక్క గొంతు వినిపించింది. "సలేస్తంది" అని మొగుడితో అంటోంది. ఆ మాటలో అంత సంతోషం ఉండగలదని అంతవరకు నాకు తెలియదు.

ఐదో రోజు, డిసెంబరు 15

ఉదయం 5 డిగ్రీలు. ఆకాశం కడిగిన కంచంలా ఉంది. తొమ్మిదింటికల్లా కుప్పలు విప్పి కాఫీ మళ్లీ పరిచాం. అడుగున కొంత గింజ తడిసింది. దాన్ని వేరుగా తీసి ఇంటి వాడకానికి పెట్టారు. తక్కినదంతా దక్కింది.

ఈ రోజే కొత్త. పెద్దలు ముందుగా అనుకున్న రోజు ఇదే, వానకూ దీనికీ సంబంధం లేదు. కొత్త పంటను దేవతలకు, పెద్దలకు పెట్టనిదే ఇంట్లో ఎవరూ నోట పెట్టకూడదన్నది ఈ కొండల్లో పాత కట్టుబాటు. మామిడికి కొత్త ఉంది, చిరుధాన్యాలకు ఉంది, చిక్కుడుకు ఉంది. తెల్లవారగానే మామ్మ స్నానం చేసి దడి దగ్గరకు వెళ్లి మొదటి చిక్కుడు కాయలు తానే కోసింది. అక్క వాటిని ఒలిసెల నూనెలో వండింది, కొత్త సామ బియ్యం అన్నం వార్చింది. ఇంటి వెనుక రాళ్ల దగ్గర అడ్డాకుల్లో కొద్దికొద్దిగా వడ్డించి, మామ్మ చేతులు జోడించి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. పోయిన మామగారి పేరు, అత్తగారి పేరు, తన చిన్నప్పుడే పోయిన చెల్లెలి పేరు పిలిచింది. తర్వాత కొండ పేరు, వాగు పేరు పిలిచింది. ఆ తర్వాత, నేను సరిగానే విన్నాను, చలినీ ఎండనూ కూడా పిలిచింది.

ఇన్ని రోజులూ రోజుకు పదిసార్లు ఆ దడి పక్క నుంచి నడిచాను. పిల్లలూ నడిచారు. రెండు పూటలు కూర లేక పచ్చిమిరపకాయతో అంబలి తాగిన రోజు కూడా ఆ గుత్తుల మీద ఎవరి చెయ్యీ పడలేదు. నా ఇంట్లో ఏ కాయ అయినా బజారు నుంచి రాగానే కత్తిపీట ఎక్కుతుంది. ముందు ఎవరికైనా చెప్పాలన్న ఆలోచనే రాదు. మామ్మ నా ఆకులో రెండో సారి కూర వేస్తూ, "నువ్వూ కడిగినావు గదా" అంది.

సాయంత్రం అందరూ నెగడు దగ్గరకు చేరారు. ఒకాయన జీలుగు కల్లు తెచ్చాడు. ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకుని థింసా ఆడారు. నన్నూ వరుసలోకి లాగారు. అడుగు కలవకపోయినా ఎవరూ వదిలేయలేదు.

ఆరో రోజు, డిసెంబరు 16

ధనుర్మాసం మొదలయ్యే రోజు. మా వీధి గుడిలో ఈపాటికి తిరుప్పావై వినిపిస్తూ ఉంటుంది. ఇక్కడ వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఉష్ణమాపకం చూడకుండానే, ఊపిరి ఎంత తెల్లగా వస్తోందో చూసి 5 ఉంటుందనుకున్నాను. చూస్తే 4 ఉంది.

ఎనిమిది గంటల జీపుకు వెళ్లాలి. మా వాడు వేయించిన కాఫీ గింజలు పొట్లం కట్టి ఇచ్చాడు. తడిసిన గింజ నుంచి కూడా ఒక గుప్పెడు అడిగి తీసుకున్నాను. అది ఎందుకు మేడమ్, మంచిది ఇచ్చాను కదా అన్నాడు. ఆ గింజలు తడిసిన పూట నేనూ అక్కడ ఉన్నానని చెప్పాను.

వీడ్కోలు చెబుదామని కళ్లంలోకి వెళ్లాను. ఎండ ఇంకా కొండ దిగలేదు. అక్క రాత్రి కప్పిన పట్టా తీస్తోంది. మడతల్లో మంచు నీళ్లుగా కరిగి నిలిచి ఉంది. పట్టాను నాలుగు మూలలా పట్టి మధ్యకు ఒంచమంటే రెండో పక్క నేను పట్టుకున్నాను. ఇద్దరం మెల్లగా నడిపించి ఆ నీటిని దడి దగ్గరకు తీసుకెళ్లి చిక్కుడు పాదు మొదట్లో ఒంపాం. చెంబెడు నీళ్లుంటాయేమో. పట్టా దులిపి మడత పెట్టి, ఆమె కాఫీ గింజలను చేతి వెనక భాగంతో సమంగా పరవసాగింది. మొదటి ఎండ కళ్లం అవతలి అంచుకు అప్పుడే తగిలింది.